తీగ నుంచి తెర దాకా: ట్యాబ్లెట్‌లో గిటారు రికార్డింగ్ డైరీ

1వ రోజు

మూడు నిమిషాల బాణీ ఒకటి చాలాకాలంగా వేళ్లలో తిరుగుతోంది. అడుగున అకౌస్టిక్ గిటారు లయ, దాని మీద ఎలక్ట్రిక్ గిటారు పలికే వరుస. గాత్రం లేదు, డ్రమ్స్ లేవు. కంప్యూటర్ జోలికి పోకుండా, నా దగ్గరున్న పది అంగుళాల ట్యాబ్లెట్‌లోనే దీన్ని మొదటి నుంచి చివరి దాకా రికార్డు చేయాలని నిర్ణయించుకున్నాను. విన్నవాళ్లకు ఇది ట్యాబ్లెట్‌లో చేశారన్న అనుమానం రాకూడదు. నేను పెట్టుకున్న షరతు అదొక్కటే.

ముందుగా ఏ పరికరమూ తగిలించకుండా, ట్యాబ్లెట్ లోపలి మైకుతోనే అకౌస్టిక్ గిటారును రికార్డు చేశాను. గట్టిగా వాయించినప్పుడు మొదటి దెబ్బ పెద్దగా వినిపించి, వెంటనే ఎవరో తలుపు మూసినట్టు తగ్గిపోయింది. మెల్లగా వాయించిన చోట ఫ్యాను చప్పుడు పైకి తేలింది. కారణం తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష పెట్టాను. అన్నిటికన్నా లావుపాటి ఆరో తీగను ఒక్కసారి మీటి, చేతులు తీసేశాను. గదిలో ఆ నాదం పది సెకన్లకు పైగా నా చెవికి అందింది. తెర మీద దాని గీత మాత్రం సన్నగా వాలుతూ పోవాల్సింది, నాలుగో సెకను దాటగానే కత్తితో కోసినట్టు తెగిపోయింది.

ఆ మైకు వెనక పనిచేసే సాఫ్ట్‌వేర్ మాటల కోసం తయారైంది. దూరంగా ఉన్న గొంతును పెంచుతుంది, దగ్గరి గొంతును తగ్గిస్తుంది, మార్పు లేకుండా సాగే చప్పుడును రొద అనుకుని తుడిచేస్తుంది. సాగే గిటారు స్వరం కూడా దాని లెక్కలో రొదే. ఆండ్రాయిడ్‌లో 7.0 వెర్షన్ నుంచి ఈ సవరణలు లేని ముడి ధ్వనిని తీసుకునే వీలు యాప్‌లకు ఉంది కానీ, పరికరమూ యాపూ రెండూ దానికి సహకరించాలి. నా దగ్గరున్న జతలో ఆ వీలు కనిపించలేదు. లోపలి మైకును పక్కన పెట్టేశాను. ఆరో తీగ పరీక్షను మాత్రం ఉంచుకున్నాను. ఏ మార్పు చేసినా మళ్లీ ఆ తీగనే మీటి, దాని తోక ఎంత దూరం సాగిందో చూస్తాను.

2వ రోజు

ఎలక్ట్రిక్ గిటారును నేరుగా హెడ్‌సెట్ జాక్‌లోకి కలిపే చిన్న అడాప్టర్ ఒకటి తెచ్చుకున్నాను. ఒకవైపు గిటారు కేబుల్, ఇంకోవైపు హెడ్‌ఫోన్స్, మధ్యలో నాలుగు భాగాల ప్లగ్. రికార్డింగ్ యాప్‌లో ఒక యాంప్లిఫైయర్ నమూనా (నిజమైన గిటారు యాంప్ స్వరాన్ని అనుకరించే సాఫ్ట్‌వేర్) ఎంచుకుని మీటాను. స్వరం వచ్చింది. దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు వచ్చింది. యాప్‌లో ట్రెబుల్ ఎంత పెంచినా తీగ మీద పిక్ (తీగలు మీటే చిన్న పలక) తగిలే ఆ టక్కుమనే అంచు మాత్రం తిరిగి రాలేదు. పెరిగిందల్లా బుసబుస.

ఇక్కడ రెండు గంటలు యాంప్ నమూనాలు మార్చుకుంటూ గడిపాను. ఆ తర్వాత కాగితం ముందేసుకుని కూర్చుంటే విషయం తేటపడింది. ఈ పని చేయబోయే ప్రతి ఒక్కరూ మొదట తెలుసుకోవాల్సింది ఇదే కాబట్టి వివరంగా రాసుకుంటున్నాను.

గిటారు పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నని రాగితీగ. మల్టీమీటర్ పెట్టి చూస్తే నా పికప్ నిరోధం 6.2 కిలో ఓమ్‌లు. కానీ అది నిలకడ కరెంటుకు చూపే నిరోధం మాత్రమే. చుట్ట కాబట్టి దానికి ఇండక్టెన్స్, అంటే మారే కరెంటుకు ఎదురుతిరిగే గుణం ఉంటుంది. ఈ తరహా సింగిల్ కాయిల్ పికప్‌లలో అది రెండు, రెండున్నర హెన్రీల దాకా ఉంటుంది. పౌనఃపున్యం పెరిగేకొద్దీ ఆ చుట్ట అడ్డుకునే శక్తీ పెరుగుతుంది. ఆరో తీగ మూల స్వరం 82.4 హెర్ట్జ్ దగ్గర ఇండక్టెన్స్ వల్ల వచ్చే అడ్డు 1.3 కిలో ఓమ్‌లే. అదే 4,000 హెర్ట్జ్ దగ్గర దాదాపు 63 కిలో ఓమ్‌లు. పిక్ తగిలిన అంచు, తీగలోని మెరుపు ఉండేది ఆ పై ప్రాంతంలోనే.

ఇప్పుడు అవతలి వైపు. హెడ్‌సెట్ మైకు కోసం తయారుచేసిన ద్వారం ఇంపీడెన్స్ (మారే సిగ్నల్‌కు చూపే మొత్తం అడ్డు) కొద్ది కిలో ఓమ్‌లే. మంద్రం ఎలాగో లోపలికి చేరుతుంది. తార స్థాయిలో ఉన్నదంతా పికప్ చుట్ట దగ్గరే మిగిలిపోతుంది. ట్యాబ్లెట్‌కు చేరనిదాన్ని యాప్‌లో ట్రెబుల్ పెంచి ఎలా తేగలం? గిటారు యాంప్లిఫైయర్లు దాదాపు 1 మెగా ఓమ్ ఇంపీడెన్స్‌తో సిగ్నల్‌ను అందుకునేది ఇందుకే. అంత ఎత్తున ఉంటే పికప్ తన దగ్గర ఉన్నదంతా ఇస్తుంది.

అడాప్టర్‌లో ఇంకో లోపం కూడా ఉంది. గెయిన్ (లోపలికి వచ్చే సిగ్నల్‌ను పెంచే మోతాదు) కొంచెం పెంచగానే హెడ్‌ఫోన్స్‌లో కీచుమని కూత. హెడ్‌ఫోన్స్‌కు వెళ్లే సిగ్నల్, మైకు నుంచి వచ్చే సిగ్నల్ ఒకే గ్రౌండ్ తీగను పంచుకుంటాయి. వెళ్లేదాంట్లో రవ్వంత వచ్చేదాంట్లోకి కారి, మళ్లీ పెరిగి, మళ్లీ కారి, చివరికి కూతగా మారుతుంది. హెడ్‌ఫోన్స్ తీసేస్తే కూత ఆగింది. వినకుండా వాయించడం కుదరదు కాబట్టి అడాప్టర్‌తో పని ముగిసింది.

5వ రోజు

గిటారు, మైకు సిగ్నళ్లను ట్యాబ్లెట్‌కు అందించే రెండు ద్వారాల యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ వచ్చింది. కొనేటప్పుడు మూడే చూశాను. ప్రత్యేక డ్రైవర్ అవసరం లేకుండా యూఎస్‌బీ ఆడియో ప్రమాణంతో పనిచేయాలి. గిటారు కోసం 1 మెగా ఓమ్ ద్వారం ఉండాలి. మైకు కోసం 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు కేబుల్ ద్వారానే అందే విద్యుత్తు) ఉండాలి. మొదటిది లేకపోతే ట్యాబ్లెట్ దాన్ని గుర్తించదు. ఐప్యాడ్‌లూ, 2014లో వచ్చిన 5.0 వెర్షన్ నుంచి ఆండ్రాయిడ్ పరికరాలూ ఆ ప్రమాణాన్ని అర్థం చేసుకుంటాయి.

తగిలించగానే పచ్చ లైటు వెలిగి, రెండు క్షణాల్లో ఆరిపోయింది. ఈ పరికరానికి ఎక్కువ విద్యుత్తు కావాలని తెర మీద సందేశం. యూఎస్‌బీ 2.0 ప్రమాణం ప్రకారం ఒక ద్వారం ఇవ్వగలిగేది 500 మిల్లీ ఆంపియర్లు. బ్యాటరీ మీద నడిచే ట్యాబ్లెట్లు కొన్ని అంత కూడా ఇవ్వవు. సొంతంగా విద్యుత్తు తీసుకునే హబ్‌ను మధ్యలో పెట్టాక లైటు నిలిచింది.

ఇంటర్‌ఫేస్ ముందు భాగంలో ఒక చిన్న మీట ఉంది. ఒకవైపు లైన్, ఇంకోవైపు ఇన్‌స్ట్రుమెంట్. మొదటి అరగంట అది లైన్ వైపు ఉండిపోయింది, స్వరం మళ్లీ దుప్పటి కిందికి వెళ్లింది. మీటను ఇన్‌స్ట్రుమెంట్ వైపు నొక్కగానే మూడో తీగ మీద నా గోరు ఆనిన చప్పుడు కూడా వినిపించింది. యాంప్ నమూనా ఏదీ పెట్టలేదు, వట్టి గిటారు. వేలు మెట్టు (మెడ మీది ఫ్రెట్) మీది నుంచి జారడం, పిక్ అంచు తీగ చుట్ల మీద గీరుకోవడం, అన్నీ ఉన్నాయి. రెండో రోజు గంటల తరబడి వెతికింది ఈ ఒక్క మీట వెనక ఉంది. ఆరో తీగ పరీక్షలో తోక తొమ్మిది సెకన్లు దాటి సాగింది. అక్కడి నుంచి హమ్‌లో కలిసిపోయింది. రేపటి పని దానితోనే.

6వ రోజు

రొద ఒకటి కాదని వినగా వినగా తెలిసింది. రెండు రకాలు కలిసి ఉన్నాయి. ఒకటి కింది స్థాయిలో గూంగూమనే హమ్. అది ఇంట్లోని కరెంటు తీగల అయస్కాంత క్షేత్రం నుంచి నేరుగా పికప్‌లోకి వస్తుంది. దేశాన్ని బట్టి 50 లేదా 60 హెర్ట్జ్, దానితోపాటు దాని గుణిజాలు. రెండోది సన్నని ఈల లాంటిది, తెర మీద ఏదైనా కదిలినప్పుడల్లా దాని తీరు మారుతోంది. అది హబ్‌కు కరెంటిచ్చే అడాప్టర్ దారిన గ్రౌండ్‌లోకి చేరుతోంది.

ఈల సంగతి తొందరగా తేలింది. హబ్‌ను గోడ ప్లగ్ నుంచి తీసి పవర్ బ్యాంక్‌కు తగిలించాను. ఈల పూర్తిగా పోయింది. ఒక ఫుల్ చార్జితో సాయంత్రమంతా నడిచింది.

హమ్‌కు నడుం వంచాల్సి వచ్చింది. గుండ్రంగా తిరిగే కుర్చీలో గిటారుతో కూర్చుని, చెవిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నెమ్మదిగా గుండ్రంగా తిరిగాను. ఒక దిక్కులో హమ్ పెద్దది, దానికి లంబంగా తిరిగితే దాదాపు మాయం. పికప్ చుట్ట అక్షం ఆ క్షేత్రానికి అడ్డంగా వచ్చినప్పుడు అందులో పుట్టే వోల్టేజీ పడిపోతుంది. ఆ దిక్కు గుర్తుగా నేల మీద టేపు ముక్క అంటించాను. ట్యాబ్లెట్‌ను గిటారు నుంచి ఒక చేతి దూరం జరిపితే ఇంకొంత తగ్గింది.

మూడు పికప్‌ల గిటారులో రెండేసి కలిపే స్థానాలు మరీ నిశ్శబ్దంగా ఉన్నాయి. మధ్య పికప్‌లో తీగ చుట్టిన దిశనూ అయస్కాంత ధ్రువాలనూ తిరగేస్తే, రెండింట్లోకి వచ్చే హమ్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, తీగ స్వరం మాత్రం కలుస్తుంది. సెత్ లవర్ 1955లో గిబ్సన్ సంస్థ తరఫున పేటెంటుకు దరఖాస్తు చేసిన హంబకర్ అనే జంట చుట్టల పికప్‌లో కూడా ఉన్న కిటుకు ఇదే. నా బాణీలో వరుసకు మెడ వైపు పికప్, మధ్య పికప్ కలిసిన స్థానం బాగుంటుందని ఇంతకుముందే అనిపించింది. ఇప్పుడు దానికి ఇంకో కారణం దొరికింది.

రొద తుడిచే గేటును యాప్‌లో పెట్టి చూసి తీసేశాను. మొదటి రోజు మైకు చేసిన పనే అదీ చేస్తోంది. తోక తెగిపోతోంది.

7వ రోజు

కేబుల్ ఒక్కటే మార్చాను. ఆరు మీటర్లది తీసి మూడు మీటర్లది పెట్టాను. గిటారు కేబుల్‌కు మీటరుకు సుమారు 100 పికో ఫారడ్ల కెపాసిటెన్స్ ఉంటుంది. పికప్ ఇండక్టెన్స్, ఈ కెపాసిటెన్స్ కలిసి ఒక శిఖరాన్ని ఏర్పరుస్తాయి. దాని పై పౌనఃపున్యాలు వేగంగా రాలిపోతాయి. రెండున్నర హెన్రీలతో లెక్క వేస్తే పొడవాటి కేబుల్‌తో ఆ శిఖరం దాదాపు 4,100 హెర్ట్జ్ దగ్గర, పొట్టిదానితో 5,800 దగ్గర వస్తుంది. పొడవాటిదానితో స్వరం కొంచెం ముక్కుతో పలికినట్టు, పొట్టిదానితో గాలి ఆడినట్టు ఉంది. నా వరుసకు పొట్టిదే నప్పింది. కానీ పొడవాటిదాన్ని దాచిపెట్టాను. మెత్తటి స్వరం కావాల్సిన రోజున అది పనికొస్తుంది.

8వ రోజు

గెయిన్ స్థాయి. ఇందులో తలబద్దలు కొట్టుకోవాల్సింది లేదు. యాప్ సెట్టింగుల్లో 24 బిట్‌లను ఎంచుకున్నాను. ఒక్కో బిట్‌కు దాదాపు 6 డెసిబెళ్ల చొప్పున, 16 బిట్‌లలో 96, 24 బిట్‌లలో సిద్ధాంతపరంగా 144 డెసిబెళ్ల వ్యాప్తి ఉంటుంది. అంత చోటు ఉన్నప్పుడు మీటర్‌ను ఎర్రగీత అంచుకు తోయాల్సిన పని లేదు. బాణీలో అన్నిటికన్నా గట్టిగా వాయించే భాగాన్ని నిజంగా గట్టిగా వాయించి, శిఖరాలు మైనస్ 12 డెసిబెళ్ల దగ్గర ఆగేలా గెయిన్ తిప్పాను. శ్రుతి చేసుకుంటున్నప్పుడు మీటిన మీటుతో స్థాయి పెట్టుకుంటే, అసలు వాయించేటప్పుడు చేతికి ఊపు వచ్చి క్లిప్ అవుతుంది, అంటే హద్దు దాటిన శిఖరం తెగిపోతుంది. ఇంటర్‌ఫేస్ లోపల క్లిప్ అయిన శిఖరాన్ని ఏ యాప్ కూడా తిరిగి తేలేదు.

9, 10వ రోజులు

మీటిన క్షణానికీ, హెడ్‌ఫోన్స్‌లో వినిపించే క్షణానికీ మధ్య ఎడం. సంఖ్య చిన్నదైనా వేళ్లకు తెలిసిపోతుంది.

యాప్‌లో బఫర్ (ఒక్కో విడతలో కూడబెట్టే ధ్వని ముక్క) 512 శాంపిళ్లు ఉండేది. సెకనుకు 48,000 శాంపిళ్లు, అంటే 48 కిలోహెర్ట్జ్ దగ్గర అది ఒకవైపు దారికే 10.7 మిల్లీ సెకన్లు. రానూ పోనూ కలిపి, ధ్వనిని అంకెలుగా, అంకెలను ధ్వనిగా మార్చే కన్వర్టర్ల ఆలస్యం కూడా చేరితే పాతికకు తగ్గదు. ధ్వని గాలిలో ఒక మిల్లీ సెకనుకు సుమారు 34 సెంటీమీటర్లు పోతుంది. అంటే ఎనిమిది మీటర్ల అవతల ఉన్న యాంప్లిఫైయర్‌ను వింటూ వాయిస్తున్నట్టు. నా చేయి తెలియకుండానే ముందుకు పరిగెత్తింది. 256కు, ఆపైన 128కు దించాను. 128 దగ్గర ఒకవైపు 2.7 మిల్లీ సెకన్లు. వేలికీ చెవికీ మధ్య ఎడం మాయమైంది. 64 దగ్గర చిటపటలు మొదలయ్యాయి. రికార్డింగ్ అంతా 128 మీద, మిక్సింగ్‌కు వచ్చాక 1024 మీద పెట్టుకోవాలని నిశ్చయించుకున్నాను.

బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌తో ఒకసారి ప్రయత్నించాను. వాటిలో ఆలస్యం తరచుగా 100 మిల్లీ సెకన్లు దాటుతుంది. వినడానికి సరే, వాయించడానికి మాత్రం తీగ ఉన్న హెడ్‌ఫోన్సే, అవీ ఇంటర్‌ఫేస్ జాక్‌లోనే.

పదో రోజు ఇంకో చిక్కు. తాళం టిక్కులు వేసే మెట్రోనోమ్‌కు సరిగ్గా వాయించానని ఒట్టు పెట్టగలను, తిరిగి వింటే ప్రతి మీటూ వెనకబడి ఉంది. చెవిని కాకుండా కొలతను నమ్మాలనుకున్నాను. మెట్రోనోమ్ టిక్కులు వస్తున్న హెడ్‌ఫోన్‌ను గిటారు పికప్ మీద ఆనించాను. హెడ్‌ఫోన్ లోపలి చుట్ట అయస్కాంత క్షేత్రం పికప్‌కు అందుతుంది, కాబట్టి టిక్కు అలాగే రికార్డయింది. తెర మీద వేళ్లతో పెద్దది చేసి చూస్తే, ప్రతి టిక్కు పడాల్సిన గీత కన్నా 9 మిల్లీ సెకన్లు ఆలస్యంగా పడింది. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 432 శాంపిళ్లు. పది టిక్కులు కొలిచాను, పదింటికీ అదే ఎడం. అంటే నా చేయి తప్పు చేయలేదు, యాప్ తన ఆలస్యాన్ని తక్కువగా లెక్కేసుకుంటోంది. సెట్టింగుల్లో రికార్డింగ్ సవరణగా ఆ సంఖ్య ఇచ్చాక టిక్కులు గీతల మీద కూర్చున్నాయి. రెండు గిటార్లు ఒకదానిమీద ఒకటి పేర్చబోయేవాళ్లు ఈ కొలత తీసుకోకుండా మొదలుపెట్టవద్దు.

శాంపిల్ రేటు విషయం కూడా ఇక్కడే రాస్తున్నాను. ప్రాజెక్టు 44.1 కిలోహెర్ట్జ్, ఇంటర్‌ఫేస్ 48 మీద ఉంటే, ఆ తేడా దిద్దకపోతే శ్రుతి గిటారు మెడ మీద దాదాపు ఒకటిన్నర మెట్టు జారిపోతుంది. రెండింటినీ 48కే కట్టేశాను.

12వ రోజు

యాంప్ నమూనాల దగ్గరికి ఇప్పుడు వచ్చాను. రెండో రోజు విసుగొచ్చిన నమూనాలే ఈరోజు వేరే వాద్యాల్లా పలికాయి. లోపలికి వెళ్లే సిగ్నల్ మారింది, అంతే.

ఎలక్ట్రిక్ గిటారు స్వరంలో సగం స్పీకరుది. పన్నెండు అంగుళాల గిటారు స్పీకరు 5,000 హెర్ట్జ్ దాటిన తర్వాత చాలా వేగంగా చేతులెత్తేస్తుంది. ఆ లోపమే మన చెవికి అలవాటైన మృదుత్వం. స్పీకర్ క్యాబినెట్ నమూనా లేకుండా యాంప్ నమూనా ఒక్కటే పెడితే, డిస్టార్షన్ (గెయిన్ పెరిగి స్వరం గరుకెక్కడం) పుట్టించిన పై స్వరాంశాలన్నీ అడ్డూ ఆపూ లేకుండా వచ్చి, సీసాలో చిక్కుకున్న తుమ్మెద రొద చేస్తాయి. యాప్‌లోని క్యాబినెట్ బదులు ఇంపల్స్ రెస్పాన్స్ ఫైలు వేసి చూశాను. నిజమైన స్పీకరు ముందు మైకు పెట్టి, ఆ జంట ధ్వనికి స్పందించే తీరును భద్రపరిచిన చిన్న ఫైలది. స్పీకరు మధ్య బిందువు దగ్గర మైకు పెట్టి తీసింది పదునుగా, అంచు దగ్గర తీసింది గుండ్రంగా ఉంటుంది. అంచుకు దగ్గరగా తీసిన ఫైలును ఎంచుకున్నాను.

గెయిన్ ఎంత ఉండాలో ఒంటరిగా తేల్చుకోలేకపోయాను. ఒంటరిగా విన్నప్పుడు ఎక్కువ గెయిన్ గొప్పగా ఉంటుంది. తమ్ముడిని కూర్చోబెట్టి, ఒకే భాగాన్ని రెండు గెయిన్‌లతో, శబ్దస్థాయి మీటర్ మీద సమానం చేసి వినిపించాను. సమానం చేయకపోతే పెద్దగా వినిపించేదే బాగున్నట్టు తోస్తుంది. ఏది ఏదో చెప్పలేదు.

"అక్కా, మొదటిది గోడ అవతల ఉంది. రెండోది నా పక్కన కూర్చుని వాయిస్తున్నట్టు ఉంది" అన్నాడు.

రెండోదాంట్లో గెయిన్ సగమే. మూడుసార్లు వరుస మార్చి వినిపించాను, మూడుసార్లూ దాన్నే పట్టుకున్నాడు. డిస్టార్షన్ తగ్గితే పిక్ దెబ్బకూ దెబ్బకూ మధ్య బలంలో ఉన్న తేడా మిగులుతుంది. ఆ తేడాలోనే మనిషి చేయి వినిపిస్తుంది.

ఇంకో నిర్ణయం. ట్రాక్ మీద ఏ ఎఫెక్టూ లేని వట్టి గిటారే రికార్డవుతుంది, యాంప్ నమూనా వినడానికి మాత్రమే పైన ఉంటుంది. నెల తర్వాత మనసు మారితే వాయించింది పోకుండా యాంప్ మార్చుకోవచ్చు.

15వ రోజు

అకౌస్టిక్ గిటారు. ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన రోజు.

చిన్న డయాఫ్రమ్ ఉన్న కండెన్సర్ మైకు, 48 వోల్టుల మీట పైకి. మొదట మైకును గుండ్రటి రంధ్రం ఎదురుగా పెట్టాను. గాలి అంతా అక్కడి నుంచే వస్తుంది కదా అనిపిస్తుంది. వచ్చింది బుంగలోంచి పలికినట్టున్న మోత. గిటారు లోపలి గాలికి 100 హెర్ట్జ్ ప్రాంతంలో తనదైన అనునాదం ఉంటుంది, రంధ్రం ముందు అదే రాజ్యమేలుతుంది.

మైకును మెడ, పెట్టె కలిసే చోటికి, పన్నెండో మెట్టు ఎదురుగా ఒక జానెడు దూరానికి తెచ్చాను. మోత పోయింది, తీగలు విడివిడిగా విచ్చుకున్నాయి. అక్కడి నుంచి మైకును కదపలేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నేనే కదిలాను. గిటారును రెండు వేళ్ల వెడల్పు కుడికి జరిపితే కింది తీగలు బరువెక్కాయి. ఎడమకు జరిపితే వేలు మెట్లు మారేటప్పటి గీరు ముందుకొచ్చింది. ఒక చోట కింది తీగలూ పై తీగలూ తూకంగా ఒదిగాయి. అక్కడ ఊపిరి బిగబట్టి, కుర్చీ కాళ్ల చుట్టూ కూడా టేపు అంటించాను.

తర్వాత గది. ఖాళీ గోడ ముందు వాయిస్తే మైకుకు తీగ స్వరం ఒకసారి, గోడకు తగిలి తిరిగొచ్చింది మరోసారి చేరుతుంది. ఆ రెండూ కలిసినప్పుడు కొన్ని పౌనఃపున్యాలు పెరిగి, కొన్ని చెరిగి, స్వరం డొల్లగా మారుతుంది. గది మూలలోకి వెళ్తే కింది స్థాయిలు గుమిగూడతాయి. బట్టలు నిండుగా ఉన్న అలమారా తలుపులు తెరిచి దానివైపు ముఖం పెట్టి కూర్చున్నాను, నా వెనక రెండు మందపాటి దుప్పట్లు వేలాడదీశాను. చప్పట్లు కొడితే గదిలో టంగుమనే జవాబు రావడం మానేసింది. ఆ తర్వాతే రికార్డు నొక్కాను.

మైకు అన్నీ వింటుంది. చొక్కా గుండీ గిటారు వీపుకు తగలడం, ముక్కు ఊపిరి, పక్క గదిలో గడియారం. ఫ్యాను ఆపేశాను, గుండీలు లేని చొక్కా వేసుకున్నాను, గడియారాన్ని ఇంకో గదికి పంపాను.

17వ రోజు

రెండు గిటార్లకూ కొత్త తీగలు. పాత తీగల మీద చెమట, దుమ్ము పేరుకుంటే పై స్వరాంశాలు చచ్చిపోతాయి, వాటిని ఈక్వలైజర్ బతికించలేదు. కొత్త తీగలను సాగదీసి, శ్రుతి చేసి, మళ్లీ సాగదీసి ఒక రాత్రి వదిలేశాను. లయ కోసం 0.6 మిల్లీమీటర్ల పల్చటి పిక్, వరుస కోసం 1 మిల్లీమీటరుది. పల్చటిది వంగి తీగల మీద తేలిపోతుంది, అందువల్ల ఆరు తీగలూ ఒకే బలంతో పలికాయి.

ఒక్కో టేకుకు ముందు శ్రుతి చూసుకోవడం మానలేదు. కొత్త తీగలు మూడు టేకులకోసారి కొంచెం దిగాయి.

18వ రోజు

ఈరోజు మంచి టేకు ఒకటి పోయింది. రెండు నిమిషాల నలభై సెకన్ల దాకా తప్పు లేదు, అప్పుడు ఫోను చేసిన వాళ్లెవరో ట్యాబ్లెట్‌లోని యాప్ ద్వారా చేశారు. కాల్ వచ్చిన క్షణంలో రికార్డింగ్ ఆగిపోయింది, ఇంటర్‌ఫేస్ కూడా విడిపోయింది. ఇకపై రికార్డింగ్ అంటే ఫ్లైట్ మోడ్. ఫోను కూడా ఇంకో గదిలో.

నిల్వ చోటు లెక్క కూడా వేసుకున్నాను. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌ల మోనో ట్రాక్ సెకనుకు 144 కిలోబైట్లు, నిమిషానికి 8.6 మెగాబైట్లు. మూడు నిమిషాల టేకు సుమారు 26 మెగాబైట్లు. నలభై టేకులైతే ఒక గిగాబైటు దాటుతుంది. ప్రతి రాత్రీ ప్రాజెక్టు నకలు ఒకటి బయటి డ్రైవ్‌లోకి పంపుతున్నాను.

20వ రోజు

అకౌస్టిక్ లయ భాగాన్ని రెండుసార్లు వాయించి, ఒకదాన్ని ఎడమకు, ఒకదాన్ని కుడికి పెట్టాను. ఒకే టేకును నకలు తీసి రెండువైపులా పెడితే అది మళ్లీ మధ్యలోనే వినిపిస్తుంది, ఎందుకంటే రెండింటి మధ్య తేడా లేదు. రెండుసార్లు వాయించినప్పుడు ఏ రెండు మీట్లూ అచ్చంగా ఒకే క్షణంలో, ఒకే బలంతో పడవు. ఆ చిన్న చిన్న ఎడాల వల్ల గిటారు గది వెడల్పున విచ్చుకుంటుంది. పదో రోజు చేసిన కొలత ఇక్కడ నిలబెట్టింది. ఆ 9 మిల్లీ సెకన్లు సరిచేయకపోయి ఉంటే, మొదటిదాన్ని వింటూ వాయించిన రెండోది ప్రతిచోటా కుంటేది.

మధ్యలో ఎలక్ట్రిక్ వరుస. ఎనిమిదో టేకు నిలిచింది.

21, 22వ రోజులు

మిక్సింగ్ అనుకున్నదానికన్నా చిన్నదైంది. అకౌస్టిక్ ట్రాకుల్లో 80 హెర్ట్జ్ కింద ఉన్నది కోసేశాను. కింది తీగ మూల స్వరం 82.4 కాబట్టి దాని కింద సంగీతం లేదు, నేల అదురు మాత్రమే ఉంది. 200 హెర్ట్జ్ చుట్టుపక్కల రెండు డెసిబెళ్లు తగ్గించాను. ఎలక్ట్రిక్ వరుస పలికే 2,000 హెర్ట్జ్ ప్రాంతంలో అకౌస్టిక్‌ను ఒకటిన్నర డెసిబెళ్లు వెనక్కి లాగితే, వరుస శబ్దం పెంచకుండానే ముందుకొచ్చింది. రెవర్బ్ (గది ప్రతిధ్వనిని కలిపే ఎఫెక్టు) మూడు ట్రాకులకూ ఒక్కటే, అప్పుడే మూడూ ఒకే గదిలో ఉన్నట్టు వినిపించాయి.

హెడ్‌ఫోన్స్‌లో, ట్యాబ్లెట్ స్పీకర్లలో, పాత ఇయర్‌ఫోన్స్‌లో విన్నాను. ట్యాబ్లెట్ స్పీకర్లలో కింది తీగలు వినిపించవు, అది వాటి పరిమాణం వల్ల. వాటి కోసం మంద్రం పెంచలేదు.

23వ రోజు

బాణీ చివర ఆరో తీగను ఒంటరిగా మీటి వదిలేయాలి. రెండు లయ టేకుల్లో ఒకదాంట్లో ఆ చివరి మీటు తొందరపడింది, చేయి ముందే తీగ మీద పడింది. ఆ ఒక్క స్వరాన్నే మళ్లీ తీశాను. ఫ్యాను ఆపి, అలమారా తెరిచి, కుర్చీ కాళ్లను టేపు మీదికి తెచ్చి, శ్రుతి చూసుకుని మీటాను. చేతులు గాలిలో ఉంచి మీటర్‌ను చూస్తూ కూర్చున్నాను. నాలుగో సెకను దాటింది. తొమ్మిది దాటింది. పదకొండో సెకను దగ్గర కుర్చీ సన్నగా కిర్రుమంది, తీగ ఇంకా పలుకుతూనే ఉంది. పదమూడున్నర దగ్గర గది నిశ్శబ్దంలోకి దిగిపోయింది.

తమ్ముడికి పూర్తి బాణీ వినిపించాను. కళ్లు మూసుకుని చివరి దాకా విన్నాడు. అయిపోయాక హెడ్‌ఫోన్స్ తీయకుండా, "అక్కా, చివర కుర్చీలోంచి లేచావా?" అని అడిగాడు.

కుర్చీ చప్పుడును అలాగే ఉంచేశాను.